మూడు వందల పన్నెండు పాఠాలు

సాయంత్రం 4.20. కంప్యూటర్ మెకానిక్ ఫోన్ చేసి శుభవార్త చెప్పాడు.

నత్తనడక నడిచే ల్యాప్‌టాప్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడట. బటన్ నొక్కితే పన్నెండు సెకన్లలో తెరుచుకుంటోందట. ఫైళ్ళన్నీ భద్రమట.

టీచరమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసింది. అక్కను వెంటబెట్టుకుని 4.50కి షాపుకు వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది.

ఫోటోలున్నాయి. ఉత్తరాలున్నాయి. 'పాఠాలు' అన్న ఫోల్డర్ లేదు.

వినికిడి లేని పిల్లల కోసం సైగల భాషలో తీసిన 312 వీడియోలు. నాలుగేళ్ళ చాకిరీ. మరో కాపీ లేదు. మర్నాడు పదింటికి స్కూళ్ళ బోర్డుకు చూపించాలి. నచ్చితే ప్రతి స్కూలుకూ వెళ్తాయి.

టీచరమ్మ ఫోన్ చేస్తే 5.30కి సైబర్ క్రైమ్ ఎస్సై వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. ఎవరేం చెప్పినా ముందు టైము రాసుకుంటుంది.

అప్పటికే అక్క మెకానిక్ మీద నిప్పులు చెరుగుతోంది. ఆవిడా చెల్లెలి స్కూల్లోనే టీచరు. పొద్దున ల్యాప్‌టాప్ తెచ్చిచ్చింది ఆవిడే. మెకానిక్ మొహంలో నెత్తురుచుక్క లేదు. పదిహేనేళ్ళ షాపు పరువు ఈ పూటతో గంగలో కలిసిందని గొణుగుతున్నాడు.

ఎస్సై అతణ్ణి ఏం చేశాడో వరసగా చెప్పమంది.

9.50కి రసీదు రాశాడు. ఎంత చిన్న పనికైనా ముందు డిస్కు మొత్తం ఉన్నదున్నట్టు కాపీ తీసి, వారం దాచడం అతని అలవాటు. ఒకసారి చెయ్యి కాలింది మరి. ఆ తర్వాతే డిస్కు తుడిచి, సిస్టమ్ వేసి, ఫైళ్ళు తిరిగి పెట్టాడు. ఇప్పుడు కాపీలో వెతికినా ఆ ఫోల్డర్ కనబడలేదు.

ఎస్సై అక్క వైపు తిరిగింది.

"ల్యాప్‌టాప్ మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిదింటికి. క్లాసుకెళ్తూ చెల్లి ఇచ్చింది. పాస్‌వర్డ్ చీటీ కూడా."

"స్కూలు నుంచి ఇక్కడికి?"

"ఐదు నిమిషాల నడక."

"మధ్యలో తెరిచారా?"

"నాకేం పని? తిన్నగా ఇక్కడికే తెచ్చా."

ఎస్సై రసీదు మరోసారి చూసింది. పాత కాపీలో రీసైకిల్ బిన్ తెరవమంది. మెకానిక్ బిత్తరపోయాడు. పారేసిన చెత్త తిరిగి పెట్టమని ఇంతవరకూ అతణ్ణి ఎవరూ అడగలేదు. అందుకే అటు చూడలేదు.

తెరిచాడు. 'పాఠాలు' అందులోనే ఉంది. డిలీట్ అయిన టైము 9.38.

"ఐదు నిమిషాల దారికి యాభై నిమిషాలు పట్టింది," అంది ఎస్సై. "స్లో ల్యాప్‌టాప్ కదా, తెరుచుకోవడానికే పావుగంట. ఎలాగూ డిస్కు తుడిచేస్తారు, చెత్తతో సహా పోతుంది, నింద ఇతని మీద పడుతుంది అనుకున్నారు. ముందు కాపీ తీస్తాడని మీకు తెలీదు."

చెల్లెలు అక్క వైపు తిరిగింది.

"నువ్వా అక్కా?"

"మొదటి తొంభై పాఠాల్లో ఆడే చేతులు ఎవరివే?" అంది అక్క. "నీకా సైగలు నేర్పింది ఎవరు? బోర్డుకు పంపిన కాగితంలో మాత్రం నీ పేరొక్కటే. అడిగితే, చేతులకి పేరెందుకని నవ్వావు."

చెల్లెలు కాదనలేదు. తల దించుకుంది.

మెకానిక్ ఫోల్డర్ తిరిగి పెడుతున్నాడు. అతనికి క్షమాపణ చెప్పాలని అక్కాచెల్లెళ్ళిద్దరికీ తోచలేదు. 6.25కి లెక్క సరిపోయింది. మూడు వందల పన్నెండు.

అక్క మీద కంప్లైంట్ రాస్తారా అని ఎస్సై అడిగింది. చెల్లెలు అడ్డంగా తలూపి ల్యాప్‌టాప్ మూసింది.

"రేపు పదింటికి బోర్డుకు వెళ్తాను. అన్నిటికీ ఇద్దరి పేర్లూ వేసి చూపిస్తాను," అంది, అక్క మొహం చూడకుండా. "నువ్వు మాత్రం రాకు."