మొదటి అరలో పాతది

"మేడం, ఆ డబ్బా ఏం పాపం చేసింది? గట్ల కొడుతున్నరు!"

విమల కీబోర్డు మీది నుంచి తలెత్తింది. గుమ్మంలో నర్సింహులు. పాశమైలారంలో విమల పనిచేసే ఇనుప పోత ఫ్యాక్టరీకి కర్ర అచ్చులు చెక్కేవాడు. జుట్టు నిండా రంపపు పొట్టు, దాని మీద వాన చినుకులు. మూడు నెలలుగా ఏదో ఒక వంకతో రోజుకు రెండుసార్లు వస్తాడు. రాని రోజు విమలకు తోచదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"మీ పని మీరు చూస్కోండి."

"నా పని గిదే. పెద్దసారు ప్రొజెక్టర్ తెమ్మన్నడు. పదకొండింటికి పంపులు కొనే పుణె పార్టీ వస్తదంట."

విమల గడియారం చూసి మళ్లీ తెర వైపు తిరిగింది. కరిగిన ఇనుము అచ్చులో ఎట్లా చల్లారుతుందో రంగుల్లో చూపించే సాఫ్ట్‌వేర్‌నే వాళ్ల ముందు నడపాలి. పోతలో బొక్క పడబోయే చోటును ఎర్రగా చూపే మాడ్యూల్‌ను, అంటే దానికి తగిలించే అదనపు భాగాన్ని మాత్రం ఆమె సొంతంగా రాసింది. అది నడిస్తే నౌకరీ పర్మనెంట్. "నౌకరీ పక్కా అయితే పెళ్లి సంగతి నీ ఇష్టం. లేకుంటే ఆదివారం జోగిపేటల పెళ్లిచూపులు." నాన్న వెంకటనారాయణ మాట అది.

నిన్న సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించారు. దానికి తగ్గట్టు మాడ్యూల్‌ను పొద్దున్నే మళ్లీ తయారుచేసింది. నల్ల తెర మీద కమాండ్ కొడితే మాత్రం ఒకటే జవాబు: వెర్షన్ కలవలేదు, మాడ్యూల్ లోడ్ కాలేదు.

"ఏడిస్తే కలుస్తదా మేడం?"

"నేనేం ఏడుస్తలేను."

"అయితే వాన లోపలికి కొడుతున్నట్టుంది."

విమలకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "కొత్తది తెరువుమంటే తెరుస్తలేదు. పేరు గూడ సరిగనే కొట్టిన."

"పాతదాని పేరేంది?"

"అదే పేరు."

"గదే పరేషాన్! మేం పంపు అచ్చు మార్చినా పేరు మార్చం. పాతదాన్ని అటకెక్కియ్యకుంటే, పోతవోసేటోళ్లు మొదటి అరల కనబడ్డదే పట్టుకపోతరు. పోయిన వానకాలం గట్లనే ఇరవై పంపులు పాతచ్చుల పోసిన్రు. తిట్లు నాకు!"

విమల వేళ్లు ఆగిపోయాయి. మాడ్యూల్ కోసం ఏయే ఫోల్డర్లలో వెతుకుతున్నావో చూపించమని కమాండ్ కొట్టింది. నాలుగు పేర్లు వచ్చాయి. కొత్తది ఆఖరి ఫోల్డర్‌లో ఉంది. మొదటి దాంట్లో, ఎప్పటికైనా పనికొస్తుందని తాను దాచిపెట్టుకున్న పోయిన నెలది!

పాతదాన్ని అక్కడి నుంచి తీసేసింది. కమాండ్ కొట్టి కళ్లు మూసుకుంది.

"మేడం... సూడుండ్రి!"

తెర మీద పంపు మెల్లగా తిరుగుతోంది. దాని మెడ దగ్గర ఎర్రటి మచ్చ.

పదకొండింటికి వచ్చిన పుణె పెద్దమనిషి, తమ దగ్గర చెడిపోయిన పంపును కోసి తెచ్చిన ముక్కను బల్ల మీద పెట్టాడు. సరిగ్గా మెడ దగ్గరే బొక్క! తెరను చూశాడు, ముక్కను చూశాడు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పెద్దసారు అందరి ముందే విమల నౌకరీ పర్మనెంట్ అన్నాడు.

విమల వరండాలో ఫోన్ మాట్లాడి పెట్టేయగానే నర్సింహులు ఎదురొచ్చాడు. "దావత్ ఎప్పుడు మేడం?"

"ఆదివారం, జోగిపేటల మా ఇంట్ల. పెళ్లిచూపులున్నయి."

అతని మొహం వాడిపోయింది. "మరి... గాడ నాకేం పని?"

"వస్తమన్నోళ్లను వద్దనమని నాన్నకు ఇప్పుడే ఫోన్ చేసిన. చెయ్యబోయే మిర్చి బజ్జీలు ఎవరో ఒకరు తినాలె గద!"

నర్సింహులు జుట్టులోని పొట్టు గబగబా దులుపుకున్నాడు.

"మా అమ్మను గూడ... తోల్కరావాల్నా?"

"తోల్కరాకుంటే మా నాన్న ఎవరితోని మాట్లాడుతడు?"

అంత వానలోనూ నర్సింహులు గొడుగు కోసం చూడలేదు. పోత షెడ్డు దాకా ఉరికాడు, అక్కడున్న అందరికీ ఎలుగెత్తి చెప్పడానికి.