పులియని రసం

ప్రేమమ్మ చర్చిలో ప్రభు బల్లకని ద్రాక్షరసం కాస్తే, ఆ వాసన మార్టూరులో బయలుదేరి గుంటూరు చేరేది. మిర్చియార్డులో ఘాటుకి తుమ్మే కూలీలు ఆ పూట తుమ్మడం మానేసేవారు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ శనివారం పొద్దున కూడా ఆమె నల్లద్రాక్ష కడిగి పొయ్యి మీద పెట్టింది. ఎన్నో ఏళ్లుగా వాళ్ల చర్చికి రసం ఆమె ఇంటి నుంచే. ఈసారి మాత్రం గరిటె పట్టిన చెయ్యి ఆగి ఆగి తిరుగుతోంది.

కిందటి నెల చర్చిలో ఆ రసం పంచిన బల్ల ఆదివారం నాడు ఆమె కొడుకు ఏసుబాబు చర్చి నుంచి స్నేహితుడింటికి పోయి, అక్కడ తాగి, బండి మీద హైవే ఎక్కాడు. పోలీసులు ఆపి మిషన్లో ఊదించారు. ఏసుబాబు స్కూలు బస్సు డ్రైవరు. లైసెన్సు పోతే ఉద్యోగం పోయినట్టే. సోమవారం కోర్టు.

ప్లీడరు అంకమ్మరావు ముందు మిషనుదే తప్పందామన్నాడు. అది బాగానే ఉందన్న కాగితం పోలీసుల దగ్గర ఉంది. దగ్గుమందు తాగాడందామంటే, రాసిచ్చిన డాక్టరు లేడు. చివరికి ఆయనకి ద్రాక్షరసం దొరికింది. చర్చిలో పోసిన రసం పులిసిందని, కాచిన మనిషే బోనెక్కి చెబితే జడ్జిగారు ఆలోచిస్తారట. కోడలు లిడియా అప్పట్నుంచీ అత్తగారిని వదలడం లేదు.

"ఒక్క మాటేగా అత్తయ్యా."

"ఆ రసం చర్చంతా తాగింది. అందరూ తూలుకుంటూ ఇళ్లకు పోయారని కూడా చెప్పమంటావా?"

"నువ్వు చెప్పకపోతే నన్నిక బస్సెక్కనివ్వరమ్మా," అన్నాడు ఏసుబాబు గుమ్మంలోంచి.

ప్రేమమ్మ పొయ్యికేసి తిరిగింది. చెబితే దేవుడి బల్ల మీద అబద్ధం, చెప్పకపోతే కొడుకు నోటి దగ్గరి కూడు పోతుంది.

అసలు ఆ రసం వాసన పక్కింటి గోడ కూడా దాటదు. మరగకాచి, నీళ్లు కలిపి, బొటనవేలంత గ్లాసుల్లో పోస్తారు. అది పులిసినా మత్తెక్కాలంటే బిందెలకి బిందెలు దించాలి. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

కాసేపటికి మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చిన ఏసుబాబు గడప దగ్గరే ఆగిపోయాడు. తల్లి పొయ్యి ముందు కూర్చుని, మంటకేసి చూస్తూ మాటలు వల్లె వేస్తోంది.

"పులిసిందండీ. నేనే చూసుకోలేదు. తప్పంతా నాదేనండీ."

మళ్లీ మొదట్నుంచీ అంది.

"అనకమ్మా," అన్నాడు ఏసుబాబు.

"నేర్చుకోకపోతే ఎట్లా నాయనా? అక్కడ తడబడితే నీకే చేటు."

అతను ఆమె పక్కన చతికిలబడ్డాడు. "తాగింది నేను. తప్పు నీదంటావేంటి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడుగంటుతున్న వాసన వచ్చింది. ఏసుబాబు తల్లి చేతిలోని గరిటె తీసుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

సోమవారం అతను జడ్జిగారి ముందు తాగానని ఒప్పుకున్నాడు. జరిమానా వేశారు, లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. తిరుగు బస్సులో లిడియా కిటికీకి తల ఆనించి ఏడుస్తుంటే ప్రేమమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. గడువు తీరాక మళ్లీ రమ్మని స్కూలువాళ్లు కబురు చేశారు.

వాసన సంగతి ముందే తేలిపోయింది కాబట్టి, ఇక మిగిలిన కల్పన ఒక్కటే: ఆ కబురు. స్కూలు నుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. బస్సు దిగుతూనే ప్రేమమ్మ, స్టాపులో ఎదురైన నన్ను చూసి, "మళ్లీ పిలుస్తారంటావా అన్నయ్యా?" అని అడిగింది. ఆ మొహం చూశాక ఈ కథ చెప్పే ముసలాడి నోటికి పిలుస్తారన్న మాట తప్ప ఇంకోటి రాలేదు.