అండాలవ్వ ఏడో కొంగు

చిట్యాల కాలేజీలో లెక్కలు చెప్పే గిరి, అమ్మకు చీర కొనడానికొచ్చి, దండెం మీది చీరల కొంగుల్లో పోగులు లెక్కపెడుతూ నిలబడిపోయాడు. బయట వాన. మగ్గం గుంతలో కూర్చున్న నవనీతకు ఒళ్లు మండింది.

"సారూ, చీర కొంటరా, పోగులు లెక్కవెట్టి పోతరా?"

"ఈ ఆరు చీరలు ఎవరు నేసిన్రు?"

"మా అండాలవ్వ. పోయి మూడు నెలలాయె. అవి అమ్మేటివి గావు."

"అవ్వ ఏం చదివింది?"

"ఏలిముద్ర."

గిరి చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది.

"మొదటి కొంగు చూడుండ్రి. ఒక పోగు చార, తర్వాత నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు. కలిపి చదివితే లక్షా నలభై రెండువేల ఎనిమిదివందల యాభై ఏడు. దాన్ని రెండింతలు చేస్తే రెండో కొంగు. అవే అంకెలు, వరస తిరిగిందంతే! మూడింతలు చేస్తే మూడోది. ఆరింతల దాకా గట్లనే."

నవనీత వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టయింది. అంకె గుర్తుపట్టని అవ్వ!

ఏడో చీర నవనీత మగ్గం మీదే ఉంది, కొంగు దగ్గర ఆగిపోయి. "ఏడో కొంగు లెక్క చెప్పినోనికే పిల్లనియ్యి" అని కొడుకుతో, అంటే నవనీత తండ్రి యాదయ్యతో, ఒట్టు వేయించుకుని మరీ అవ్వ కన్నుమూసింది. నలుగురు పెళ్లికొడుకులు నాలుగు లెక్కలు చెప్పారు. ఆ లెక్కన నేయబోతే నాలుగుసార్లూ మొదటి చారలోనే పోగు కత్తిరించినట్టు తెగింది. తెగినప్పుడల్లా నవనీతకు లోపల హాయిగానే ఉండేది.

ఈ సారుకు ఆ ఒట్టు సంగతి తెలియదు.

"మరి ఏడోది?" అడ్డపోగు వేసే నాడెను చేతిలోకి తీసుకుంది నవనీత.

"ఏడింతలు చేస్తే ఆ అంకెలన్నీ మాయం. ఆరు తొమ్మిదులే మిగుల్తయ్. ఆరు చారలు, చారకు తొమ్మిది పోగులు."

నవనీత నాడె విసిరింది. 'తెగొద్దు' అని మొదటిసారి మొక్కుకుంది. ఒక చార. రెండు. ఎక్కడి నుంచో అవ్వ నమిలే పొగాకు వాసన. యాభై నాలుగో పోగు పడగానే వాన చప్పుడు టక్కున ఆగింది.

పోగు తెగలేదు.

గడపలో యాదయ్య కళ్లు తుడుచుకున్నాడు. "మా అమ్మ ఒప్పుకున్నది బిడ్డా. ఇగ సారు ఒప్పుకోవాలె."

"ఏం ఒప్పుకోవాలె?" గిరి బిత్తరపోయాడు.

నవనీత తలదించుకుని చెప్పింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ముందుగాల చెప్పొద్దా?"

"చెప్తే లెక్క మారుతుండెనా?"

"మారకపోతుండె. జర తొందరగ చెప్తుంటి."

నవనీత నవ్వాపుకోలేక గుంతలోంచి పైకొచ్చి అతని పక్కన నిలబడింది. అప్పుడు వెనక 'టక్'మంది. ఖాళీ గుంతలో తొక్కుడు చెక్క దానంతటదే కిందికి దిగుతోంది. నాడె కదిలింది.

గిరి గభాలున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. మగ్గం వైపు తిరిగి కేకేసింది.

"అవ్వా, చాలు! ఇంకో పోగు వడ్డదంటే లెక్క తప్పుతది!"

చెక్క బుద్ధిగా పైకి లేచింది.