తొమ్మిదో గుంట

పద్మను చంపింది గోల్ఫ్. జ్వరం అన్నది డాక్టర్ రాసుకున్న మాట. ఆమె కోరుట్లలో ప్రాణం విడిచిన రోజు భర్త ఓదెలు దుబాయిలో గోల్ఫ్ మైదానంలో గడ్డి కోస్తున్నాడు. అతని పాస్‌పోర్ట్ క్యాంపు ఆఫీసులో, మేనేజర్ మనీషా సొరుగులో ఉంది. టోర్నమెంట్ అయ్యేదాకా ఇవ్వనంది.

ఇప్పుడతను గూఢచారి, ఏజెంట్ నైన్.

సిరిసిల్లలో సాంచాల షెడ్డు. ఆ మరమగ్గాల చప్పుడులో ఏ మైక్రోఫోనూ పనిచేయదు. అందుకే చీఫ్ శోభ బ్రీఫింగులన్నీ అక్కడే.

"కొండగట్టుకు ఎన్ని మెట్లు?" అంది కోడ్ ప్రకారం.

"ఎక్కెటోని మోకాళ్లనడుగుండ్రి."

శోభ అతని చెవి దగ్గరకు వంగింది. "ముత్యంపేట కాడ విదేశీ ముఠా గోల్ఫ్ మైదానం ఏసింది. లీడర్ డోరన్. వానిది మాయబంతి. గుంటల పడ్డదంటే ఒక ఊరి నీళ్లన్నీ తాగుతది. ఎనిమిది ఊర్లయినయ్. రేపు తొమ్మిదో గుంట. కోరుట్ల."

"గురి తప్పితే?"

"తాగిందంతా కక్కుతది. గని వాడు తప్పడు. మన డబుల్ ఏజెంట్ బంతిని మారుస్తది. నువ్వు చూస్తుండు, గంతే."

"ఎవరామె?"

"మనీషా. ఇప్పుడు మారింది, ఓదెలన్నా."

"చీర మార్చి ఉంటది."

తెల్లారేసరికి ఓదెలు మైదానంలో ఉన్నాడు. ఆకుపచ్చ యూనిఫాం, టోపీ, గడ్డి మిషన్. మారువేషం కాదది, దుబాయిలో పన్నెండేళ్లు తొడిగిన బట్టలే. గోల్ఫ్ ఆడేవాళ్లు గడ్డి కోసేవాడి ముఖం చూడరు. చూస్తుండమన్న ఆర్డర్‌ను పక్కనపెట్టి తొమ్మిదో గుంట చుట్టూ గడ్డి కోశాడు. రెండుసార్లు, ఒకే వైపుకు.

ఎనిమిదింటికి డోరన్ వచ్చాడు. వెనకే మనీషా. నల్లద్దాలు, ఎర్ర పట్టుచీర, చేతిలో వెల్వెట్ పెట్టె. ఓదెలు మీదుగా చూపు పోనిచ్చింది, గుర్తుపట్టలేదు. బంతి తీసి పచ్చికపై పెట్టింది.

బంతి త్రేన్చింది.

మామూలు బంతి త్రేన్చదు. మనీషా మార్చలేదు.

డోరన్ కొట్టాడు. బంతి సూటిగా దొర్లింది. ఆరడుగులు. మూడు. కోరుట్లలో నల్లాల కింద బిందెలు పెట్టే వేళ. మైదానం పక్కనున్న బోరింగు గురగురమంది.

గడ్డి ఎటు పడుకుంటే బంతి అటు ఒరుగుతుంది. ఓదెలు దాన్ని ఎడమకు పడుకోబెట్టాడు. గుంటకు బెత్తెడు దూరంలో బంతి ఎడమకు ఒరిగింది. ఆగింది. దానికి ఎక్కిళ్లు మొదలయ్యాయి.

కక్కింది. ఎనిమిది ఊళ్ల నీళ్లు, చేపలు, కప్పలు, ఎవరిదో చేద. తాబేలొకటి డోరన్ నెత్తిన కూర్చుంది. నీళ్లు ఏ ఊరివి ఆ ఊరి దారి పట్టాయి. శోభ పంపిన కమాండోలు డోరన్‌ను తాబేలుతో సహా బురదలోంచి లాగారు.

"నన్ను లాగుండ్రి! నేను మీ మనిషినే!" బురదలో నడుము దాకా దిగిపోయి అరిచింది మనీషా.

"పాస్‌పోర్ట్ ఉన్నదా?" అడిగాడు ఓదెలు.

అప్పుడు చూసింది అతని ముఖం.

సాయంత్రం శోభ ఫోన్ చేసింది. "రిపోర్టుల ఏం రాయాలె, ఓదెలన్నా?"

"గడ్డి కోసిన. గట్లనే రాయుండ్రి. ఇగ గోల్ఫ్ ముచ్చట నా ముంగట ఎన్నడూ తీయకుండ్రి."