నీలి తెర వెనక నల్ల తెర

సామ్రాజ్యాలన్నీ ఏదో ఒకనాడు అస్తమించవలసినవే. వనపర్తిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటరు ల్యాబులో, పిల్లలు ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలి తెర ఒక్కటే అస్తమయం ఎరుగదు. 1987లో ఒక అమెరికా కంపెనీ దాన్ని వెల కట్టి లోకం మీదికి వదిలింది. పేరు గడించాక కొత్త సంతానాన్ని కని, పాతదాన్ని ఉచితంగా పంచి చేతులు దులుపుకొంది. ఆ అనాథను ఇక్కడ పదకొండేళ్లుగా సాకుతున్నవాడు ల్యాబ్ ఇన్‌చార్జి దాసు. సాకి సాకి అలసిపోయాడు.

అచ్చంపేట నుంచి గెస్టు లెక్చరరుగా వచ్చిన చెంచులక్ష్మి తొలిరోజే యుద్ధం ప్రకటించింది.

"గిదేంది సార్, నాకన్న పదేండ్లు పెద్దది! తీసి పారెయ్యరాదు?"

"సిలబస్‌ల ఉంది మేడం. నన్నన్న తీస్తరు గని దాన్ని తియ్యరు."

ఏడాదంతా అదే తగువు. తగువు లేని ఆదివారాలు దుర్భరంగా ఉన్నాయని దాసు ఆలస్యంగా గ్రహించాడు. ఈరోజు ఆమెకు ఆఖరి రోజు. నాలుగింటి బస్సు ఎక్కితే మళ్లీ రాదు.

నోటితో చెప్పలేక, దాసు తన మనసును నాలుగు పంక్తుల ప్రోగ్రాముగా రాశాడు.

"మేడం, జర గిది రన్ చెయ్యుండ్రి. ఏదో తప్పుంది."

ఆమె సంచి భుజాన ఉంచుకొనే మీట నొక్కింది. నల్లగా ఏదో మెరిసి, మళ్లీ నీలి తెర.

"ఏం కనవడలే సార్."

దాసుకు తప్పు తెలిసింది. ఫలితం కళ్లకు ఆనేదాకా తెర ఆగాలంటే చివర ‘గెట్‌చ్’ రాయాలని పదకొండేళ్లు పిల్లల చెవుల్లో ఊదినవాడు, తన జీవితానికి మాత్రం రాయలేదు.

"పోనియ్యుండ్రి మేడం. బస్సు పోతది."

"గెట్‌చ్ మర్చిండ్రు. పిల్లలైతే రెండు మార్కులు కోస్తుంటిరి," అంటూ ఆమె వంగి ఆల్ట్, ఎఫ్‌ఫైవ్ కలిపి నొక్కింది. దాగిన నల్ల తెర బయటపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "పోకు లక్ష్మీ. పెండ్లి చేసుకుందమా?"

పాత ఫలితాలను తుడిచే ఆజ్ఞ కూడా మరిచాడు గనుక, పొద్దుటినుంచి కళ్లు మూసుకొని మీట నొక్కినవన్నీ ఒకదాని కింద ఒకటి నిలిచి ఉన్నాయి.

"తొమ్మిదిసార్లా సార్?"

"ధైర్యం వస్తలేకుండె."

ఆమె సంచి దించింది. "మా నాయినతోని మాట్లాడుండ్రి. గని మన ఇంట్ల గీ నీలి తెర ఉండొద్దు."

ఒక మహాప్రస్థానాన్ని ఆపిన వీరుడిలా దాసు కుర్చీలో కూలబడ్డాడు.

నాలుగింటికి పోవలసిన బస్సు ఆ పొద్దున్నే ఎవరిదో పెళ్లికి కిరాయికి పోయింది.