వెనక ఎడమ చక్రం

చక్రాల దుకాణంలో అడుగుపెడితే ముందుగా తగిలేది వాసన. కొత్త రబ్బరు వాసన. ఆ తర్వాత కళ్ళు గోడమీదికి పోతాయి. ఐదు ఊచల చక్రాలు, పది ఊచలవి, వల అల్లినట్టున్నవి, నల్లవి, వెండి రంగువి, గోడ నిండా వేలాడుతుంటాయి. వాటి కింద నిలబడితే ఎంత పెద్దమనిషికైనా కాస్త పిల్లచేష్ట పుడుతుంది. ఒకప్పుడు అతనికీ పుట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం అతనికి చక్రాలు చక్రాల్లాగే కనిపించాయి. వాసనైతే తగలనే లేదు. ఏ వాసనా తగలక పది నెలలైంది.

బయట మబ్బు పట్టి ఉంది. వాకిట్లో అతని బండి నిలబడి ఉంది. పేరుకు కుటుంబం తిరిగే సెడానే గానీ, ముక్కు దించుకుని నేలకి అంటుకున్నట్టుండే కుర్రకారు బండి. దానికి ప్రస్తుతం ఉన్నవి నల్లటి ఇనప చక్రాలు.

"కోటు వేసుకుని రబ్బరు చెప్పులు తొడుక్కున్నట్టుందండీ మీ బండి," అన్నాడు చక్రాలాయన. దుకాణం ఆయనదే. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ అన్ని పనులూ తనే చేసుకుంటాడు.

అతను జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. "ఇవి కావాలి. మా పాప ఎంచుకుంది."

పది సన్నటి ఊచలున్న వెండి చక్రం. పాప వాటిని గొడుగు చక్రాలంది. పాపకి ఆరేళ్ళు. పది నెలలుగా అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. నాన్న ఎప్పుడు వెళ్ళినా గుమ్మం దాకా వస్తుంది, బండి ఎక్కమంటే మాత్రం వెనక్కి పోతుంది. పోయిన వారం తనే ఒక మాట చెప్పింది. చక్రాలు మార్చి తెస్తే ఎక్కుతానంది. అత్తగారు పక్కనే ఉండి విన్నారు. "సరే బాబూ, వచ్చే వారం కూడా రాకపోతే ఇక్కడి బళ్ళోనే చేర్పించేస్తాను. పిల్లని ఎన్నాళ్ళిలా ఊగిసలాడిస్తాం," అన్నారు. ఆ వచ్చే వారం ఈ రోజే.

"పదిహేడు అంగుళాలవి చాలు," అన్నాడు చక్రాలాయన. "వెడల్పు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. చక్రం ఎంత లోపలికి కూర్చోవాలో అంతే కూర్చోవాలి. బయటికి పొడుచుకొస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ..."

"ఈసారి మీరు ఎలా చెబితే అలా," అన్నాడు అతను.

ఈసారి అన్న మాటకి ముసలాయన తలెత్తి అతన్నొకసారి, బండినొకసారి చూశాడు. గుర్తుపట్టాడు.

రెండేళ్ళ కిందట అతను ఇదే దుకాణంలో అన్నిటికంటే వెడల్పయిన చక్రాలు వేయించుకున్నాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు ముసలాయన. ఖాళీ బండికి బాగానే ఉంటాయండీ, వెనక మనుషులు కూర్చుంటే బండి దిగుతుంది, చక్రం మీది ఫెండర్ రేకు అంచు టైరుని కోసేస్తుంది, వెనక బరువు పెట్టి ఒకసారి తిప్పి చూద్దాం అన్నాడు. అతనికి అప్పుడు కాలు నిలవలేదు. "ఎప్పుడూ నేనొక్కణ్ణే తిరుగుతాను లెండి," అని తాళం లాక్కుని వెళ్ళిపోయాడు.

పది నెలల కిందట ఒక ఆదివారం, భార్య వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. నిద్రపోతున్న పాపని ఒళ్ళో పెట్టుకుంది. "ఏమండీ, ఏదో కాలుతున్న వాసన. ఆపండి," అంది. బయటి వాసనలే అని పాట గట్టిగా పెట్టాడు. "ఆపండి," అని మళ్ళీ అంది. మంచి పాట వస్తోంది, ఆపలేదు. మూడోసారి ఆవిడ ఆ మాట అంటుండగా వెనక ఎడమ టైరు పేలింది. బండి అడ్డంగా తిరిగి రోడ్డు మధ్య దిమ్మెకి ఎడమవైపే కొట్టుకుంది. తల్లి చేతుల్లో ఉన్న పాప ఒంటిమీద గీత కూడా పడలేదు.

అతను ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. పెడితే తిన్నాడు, దీపం తీసేస్తే పడుకున్నాడు. బండి బాగుచేయించి అమ్ముదామని చూశాడు. ముగ్గురు వచ్చారు. ముగ్గురూ వీధి చివరిదాకా నడిపి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తిరిగొచ్చారు. రబ్బరు కాలుతున్న వాసనండీ అన్నారు. అతను సీట్లో మొహం ఆనించి వాసన చూశాడు. ఏమీ తెలియలేదు.

ముసలాయన బండి వెనక గొంతుకూర్చున్నాడు. టైరుకీ ఫెండర్ అంచుకీ మధ్య వేళ్ళు దూర్చి చూడటం ఆయన పద్ధతి. కుడివైపు రెండున్నర వేళ్ళు పట్టాయి. ఎడమవైపుకి జరిగాడు. ఒక్క వేలే పట్టింది.

"ఆవిణ్ణి కూడా దిగమనండి," అన్నాడు, తల ఎత్తకుండానే. "ఖాళీ బండికి కొలవాలి."

"ఎవరిని?"

"వెనక కూర్చున్నావిణ్ణి."

అతను వెళ్ళి వెనక తలుపు తీశాడు. కొత్త తొడుగు వేసిన సీటు. ఎవరూ లేరు. ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలికి చూసి, నుదురు తుడుచుకున్నాడు.

"అద్దాలు నల్లగా ఉన్నాయి. ఏదో కదిలినట్టయితే..." అని, గొంతు సవరించుకున్నాడు. "స్ప్రింగు కుంగిపోయినట్టుంది."

"రెండూ కొత్తవే."

బండిని లిఫ్టు మీద పైకెత్తారు. గాల్లో రెండు వైపులా కొలత సమానంగా వచ్చింది. గొడుగు చక్రాలు నాలుగూ బిగించి మెల్లగా కిందికి దించారు. కుడివైపు దిగి ఆగింది. ఎడమవైపూ దిగి ఆగింది. ఆగి... ఇంకాస్త కిందికి వెళ్ళింది. మనిషి సీట్లో కూర్చుని సర్దుకున్నట్టు, నెమ్మదిగా.

ఇద్దరూ చూశారు. ఇలాంటప్పుడు భయపడాలని అతనికి తెలుసు. భయం రాలేదు. చేతిలో ఫోన్ చల్లగా ఉందన్నది ఒక్కటే తెలిసింది.

ముసలాయన పారిపోతాడేమో అనుకున్నాడు. ఆయన తాళం అడిగాడు.

"వెనక బరువు పెట్టి చూడకుండా ఈసారి పంపను. మీరు వెనక కుడివైపు కూర్చోండి. నేను నడుపుతాను."

అతను వెనక కూర్చున్నాడు. పక్కన ఖాళీ సీటు. అటు చూడలేదు. వాన సన్నగా మొదలైంది. బండి సందులు తిరిగింది, గతుకులు ఎక్కింది, దిగింది. ముసలాయన ఒక చెవి వెనక్కి పారేసి వింటున్నాడు. చక్రం ఎక్కడా రాసుకోలేదు. అద్దం తుడిచే పుల్లల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అలాగేనమ్మా," అన్నాడు ముసలాయన.

బండి పక్కకి తీసి ఆపాడు. ఎదుట గడియారంలో నాలుగైంది.

"ఎవరితో మాట్లాడారు?"

"ఆపమన్నారు కదా..." గుసగుసగా అన్నాడు ముసలాయన. "నాకు వినిపించింది. మీకు వినపడలేదా?"

అతనికి వినపడలేదు. ముసలాయన వానలోనే దిగి, అటు తిరిగి వెళ్ళి, వెనక ఎడమ తలుపు తీశాడు. ఎవరో దిగడానికి దారి ఇస్తున్నట్టు పక్కకి తప్పుకుని కాసేపు నిలబడ్డాడు. బండి ఒక్కసారి తేలికై పైకి లేచింది. అది అతని నడుముకి తెలిసింది. ముసలాయన తలుపు వేసి, చక్రం దగ్గర వంగి వేళ్ళు దూర్చాడు. రెండున్నర.

"దిగిపోయారు," అన్నాడు. బండిని దుకాణానికి తిప్పి, తాళం అతని చేతికిచ్చాడు.

అతనికి ఏడవాలనిపించింది. ఎలా మొదలెట్టాలో మర్చిపోయాడు. పాపని ఇంటికి తెచ్చుకోవచ్చు, అదొక్కటే అనుకుంటూ అత్తగారింటికి బయల్దేరాడు.

వెళ్ళేసరికి వాన వెలిసి, చీకటి పడబోతోంది. పాప బూట్లేసుకుని, సంచీ తగిలించుకుని గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది.

"నాలుగింటికే తయారై కూర్చుంది," అన్నారు అత్తగారు. "మీరు ఫోన్ చేశారేమో అనుకున్నాను."

"లేదత్తయ్యా."

"తడుస్తోందని లోపలికి ఎత్తుకెళ్ళబోయాను. నా తరం కాలేదు. వారంలో ఇంత బరువెక్కిందేమిటో," అని మోచేతులు నొక్కుకుంటూ నవ్వారు.

పాప వచ్చి కొత్త చక్రాల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది. తలుపు తనే తీసుకుంది. ఎడమవైపే ఎక్కింది.

అతను చక్రం దగ్గర వంగాడు. పద్దెనిమిది కిలోల పిల్ల. మహా అయితే వెంట్రుకవాసి దిగాలి.

ఒక్క వేలే పట్టింది.

"చిట్టీ, ఒకసారి దిగమ్మా." దిగింది. రెండున్నర. "ఎక్కు." ఒక్క వేలు. పాప అదేదో ఆటనుకుని కిలకిలా నవ్వింది. అత్తగారు గేటు పట్టుకుని చూస్తున్నారు. ఈ రోజుకి వద్దులే అంటే, ఇక ఎప్పటికీ వద్దన్నట్టే. ఇవాళ పొద్దుపోయింది, రేపొద్దున ముసలాయనకి చూపిస్తే సరిపోతుంది, ఇంటిదాకా ఎంత దూరమని. అలా అనుకుని అతను తాళం తిప్పాడు.

పాట పెట్టలేదు. నెమ్మదిగానే నడిపాడు. ఊరి దీపాలు వెనకపడ్డాయి. తడి రోడ్డు... ఖాళీ రోడ్డు...

వాసన వచ్చింది.

పది నెలల్లో మొదటి వాసన. ఘాటుగా, నాలుక మీదికి వచ్చేంత ఘాటుగా, రబ్బరు కాలుతున్న వాసన. ఆ వెంటే చప్పుడు. అంచుకి టైరు రాసుకుంటున్న గరగర.

ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బండి పక్కకి తీసి ఆపేశాడు. తాళం లాగేశాడు. దిగి పరుగున వెనక్కి వెళ్ళాడు. టైరుకీ అంచుకీ మధ్య వేలు పెట్టాడు. దూరలేదు. గోరు కూడా దూరలేదు.

చక్రం కదలడం లేదు. ఊచ చివర ఒక వాన చుక్క వేలాడుతోంది, అది కూడా కదలడం లేదు.

గరగర మాత్రం ఆగలేదు. వేగం పెరుగుతోంది.

తలుపు పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. నల్ల అద్దానికి మొహం ఆనించాడు. పాప కదలకుండా కూర్చుని ఉంది. సీటుకి వీపు ఆనలేదు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంది.

"నాన్నా... ఆపు."

"ఆపానమ్మా. ఆపేశాను తల్లీ."

"ఆపు నాన్నా."

రెండుసార్లయింది. అతను రెండు చేతులతో పిడి పట్టుకుని, కాలు బండికి తన్నిపెట్టి లాగాడు. తాళం జేబులోనే ఉంది. బండి ఆగే ఉంది.

లోపల పాప మళ్ళీ నోరు తెరిచింది.