గంజి కొట్టం సాక్షి

బద్వేలు బాట మీద, ఊరు దాటి మైలు దూరం పోతే గంజి కొట్టం ఉండేది. పైకప్పు ఎప్పుడో కూలింది. నాలుగు మొండిగోడలు, మాడిన పొయ్యిగుంతలు, చుట్టూ తుమ్మకంప. పద్దెనిమిది వందల డెబ్బై ఆరులో వచ్చిన ధాత కరువులో తెల్లదొరలు అక్కడ జనానికి గంజి పోయించారు. తాగి బతికినవాళ్ళకంటే వరసలో కూర్చునే పోయినవాళ్ళు ఎక్కువని చెప్పుకునేవారు.

పొద్దుగూకితే ఆ దారిన ఎవడూ పోడు. అక్కడ ఆడదెయ్యం ఉందని ఊరికంతా తెలుసు. బిడ్డకు జ్వరమొస్తే పసుపన్నం, కుంకుమన్నం ముద్దలు చేసి, దిగదుడిచి, ఆ గోడ దగ్గర పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేవారు. తెల్లారి చూస్తే ముద్దలు ఉండేవి కావు. ఇంక వేరే రుజువెందుకు?

ఈ సంగతి నాకు చెప్పినవాళ్ళు పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో జరిగిందని చెప్పారు. ఆ ఊరి నేతగాడు ఓబన్న మనవడు మద్దయ్య పట్నంలో ఐదో ఫారం చదువుతున్నాడు. చరిత్ర చెప్పే గాబ్రియేలు మాస్టరు ఆ ఏడు పిల్లలకో పని పెట్టాడు. ఎవరి ఊరి చరిత్ర వాళ్ళే వెతికి రాయాలి. అందరికంటే బాగా రాసినవాడికి ఆరో ఫారంలో ఫీజు ఉండదు. ఫీజు లేకుంటేనే మద్దయ్యకు చదువు. లేదంటే మగ్గం గుంతలోకి కాళ్ళు దించాల్సిందే, బతుకంతా అందులోనే.

మాస్టరు గట్టివాడు. ఒక్కసారిగా రాసుకొస్తే చూడనన్నాడు. ముందు అంశం, తరవాత కచేరీ కాగితాలు, తరవాత కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యం, ఆపైన చిత్తు, చివరికి సాపు.

మద్దయ్య గంజి కొట్టాన్నే ఎంచుకున్నాడు. తాలూకా కచేరీ గుమాస్తాను బతిమాలి పాత దస్త్రం చూశాడు. గంజికి వచ్చినవాళ్ళ పేర్లు ఒక పక్క, పోయినవాళ్ళ పేర్లు ఇంకో పక్క. వచ్చినవాళ్ళలో తన తాత పేరు కనబడింది. ఓబన్న, ఎనిమిదేళ్ళు. దాని కిందే ఇంకో పేరు... బసమ్మ, పదేళ్ళు.

పోయినవాళ్ళలో ఆ బసమ్మ లేదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఆ పేరు ఎత్తనూ లేదు.

"జేజినాయనా, బసమ్మంటే ఎవురు?"

మగ్గం మీద దారం దూర్చే నాడె ఓబన్న చేతిలో ఆగింది. "మా అక్క. ఆ కొట్టంలోనే సచ్చినాది. దినాలు చేసినాం, పిండం కాకి ముట్టినాది. ఇంగ ఆ మాటెత్తితే కాళ్ళిరగ్గొడతా."

ముసలోళ్ళెవరూ నోరు విప్పలేదు. చిత్తు చూపాల్సిన గడువు రెండు రోజుల్లోకి వచ్చింది. సాక్షి లేకపోతే కనీసం గోడలైనా కొలుచుకుందామని మద్దయ్య బయల్దేరాడు. పగలు పోతే చేలల్లోవాళ్ళు చూసి తాతకు చెబుతారు. అందుకని రాత్రే పోయాడు... అదీ అమావాస్య.

లాంతరు వత్తి తగ్గించుకుని గోడ దాటాడు. ఒక మూల కొలిచాడు. రెండో మూలకు పోతుంటే వినబడింది —

నమిలే చప్పుడు.

కుక్కనుకున్నాడు. కుక్కయితే ఇంత నెమ్మదిగా నమలదు. వెనక్కి తిరగాలంటే మెడ తిరగలేదు. చేతిలో మూరకర్ర జారి రాళ్ళ మీద పడింది.

"ఆ దీపం పక్కకు పెట్టప్పా... కండ్లు మండుతాండాయి."

పొయ్యిగుంత పక్కన కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు నేలకు జీరాడుతోంది. వేళ్ళకు కుంకుమన్నం మెతుకులు.

"నిలబడేది అచ్చం ఓబిగాని మాదిరే..." గుసగుసగా అంది. "వాని మనవడివా?"

మద్దయ్య లాంతరు పక్కకు పెట్టాడు. "నువ్వు... ఎవురు?"

"బసిని."

"సచ్చిపోయినావంట గదా..."

"అట్లని వాళ్ళు చెప్పినారప్పా."

ముసలామె చెయ్యి చాపి వాడి మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది. దెయ్యమైతే అంత భయం ఉండేది కాదేమో, మనిషని తెలిశాకే వాడికి అసలు భయం పట్టుకుంది.

ఆమె చెప్పింది ఇదీ. కొట్టంలో గత్తర, అదే కలరా, తగిలి వాంతులైన పిల్లను గోడవార పడుకోబెట్టి, నీళ్ళు తెస్తానని చెప్పి తండ్రి మిగతావాళ్ళను తీసుకుని పోయాడు. ఊళ్ళో చచ్చిపోయిందన్నాడు. గంజి కాచే ఆమె ఎవరో ఇంత పోసి బతికించింది. రెండు నెలలకు పిల్ల నడుచుకుంటూ ఊరు చేరింది. అప్పటికి దినాలైపోయాయి. కాకి పిండం ముట్టింది గనక బసి పోయినట్టే, వచ్చింది బసి కాదు అన్నారు పెద్దలు. పదేళ్ళ పిల్లను వేపమండలతో, చెప్పులతో కొట్టి పొలిమేర దాటించారు. పక్క ఊళ్ళకూ కబురు పెట్టారు. ఏ ఊరూ రానీయలేదు.

"మీ బిడ్డలకు జరమొస్తేనే నాకు కూడు," అంది. "ఏం రాసుకుంటాండావు?"

చెప్పాడు.

"అయితే నన్నూ రాయప్పా. బసి బతికే ఉండాదని. కాగితంలో ఉంటే ఎవురూ కాదనల్యారు గదా."

రాస్తానన్నాడు. ఆ పూటకు నిజంగానే అన్నాడు.

మాస్టరు చిత్తును రెండుసార్లు చదివాడు. "ఇంతటి సాక్ష్యం ఈ జిల్లాలో ఇంకొకడు తేలేడు," అన్నాడు. "అయితే ఇది నిజమని మీ ఊరి రెడ్డి సంతకం పెట్టాలి. అప్పుడే బహుమతికి పంపుతాను."

రెడ్డి చదివించుకుని విన్నాడు. కాగితాలు మద్దయ్యకు కాదు, ఓబన్నకిచ్చి పంపాడు.

ఓబన్న మనవడి కాళ్ళు పట్టుకున్నాడు. "మీ చెల్లెలికి సంబంధమొచ్చినాది. బతికున్నదాన్ని పారేసినోళ్ళ ఇంటి పిల్లను ఎవురు చేసుకుంటారు నాయనా? రెడ్డి సంతకం పెట్టనంటాండాడు. నీ సదువూ పోతాది." అంత పెద్దమనిషి అట్లా ఏడుస్తుంటే చూడలేకపోయాడు మద్దయ్య. తెల్లవార్లూ కూర్చుని సాపు రాశాడు.

రెడ్డి సంతకం పెట్టాడు. బహుమతి వచ్చింది, కాగితాలూ తిరిగొచ్చాయి. ఆ రాత్రే మద్దయ్య కొట్టానికి పోయాడు. ఎందుకు పోయాడో వాడికే తెలియాలి.

"రాసినావా?"

"రాసినా."

"నా పేరు యాడుండాది?"

ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టాడు. ముసలామె ఆ చోటును నిమురుతూనే ఉంది. వాడు కాగితాలు లాక్కుని వచ్చేశాడు.

మర్నాడు బారెడు పొద్దెక్కాక బసమ్మ ఊళ్ళోకి వచ్చింది. తల తడుపుకుని ముడేసుకుంది. ఆడవాళ్ళు బిడ్డలను చంకనేసుకుని పరుగెత్తారు. మగవాళ్ళు రాళ్ళు పట్టుకున్నారు. ఆమె ఎవరి వంకా చూడకుండా తిన్నగా పోయి ఓబన్న గడప ముందు నిలబడింది.

"నేను సచ్చినదాన్ని కాదు. కాగితంలో ఉండా. ఆ పిల్లోన్నే సదవమనండి."

రెడ్డి వచ్చాడు. ఊరంతా చూస్తోంది. "చదువు మద్దయ్యా," అన్నాడు మెల్లగా.

మద్దయ్య కాగితాలు తెచ్చి చదివాడు. హైస్కూల్లో నేర్పినట్టు గట్టిగా, స్పష్టంగా.

"గంజి కొట్టంలో పోయినవారు... బసమ్మ, పదేళ్ళు, గత్తర. చూసినవారు, ఆమె తమ్ముడు ఓబన్న."

రాళ్ళు పట్టినవాళ్ళు కూడా కదల్లేదు.

"అట్లనే ఉండాదా అప్పా?"

"అట్లనే ఉండాది."

బసమ్మ కాసేపు కాగితం వంక చూసింది. తరవాత లోపల నీడలో నిలబడ్డ తమ్ముడి వంక చూసింది.

"ఓబిగా, తలుపేసుకో. పిల్లోల్లు జడుసుకుంటారు."

ఓబన్న తలుపేసుకున్నాడు.